రేకు లోపలి పేర్లు

మా పెళ్ళికి తొమ్మిది గోడ గడియారాలు, నాలుగు పూలకుండీలు, ఒక మదర్‌బోర్డు బహుమతులుగా వచ్చాయి. గడియారాల్లో ఒకటి గోడెక్కింది, ఎనిమిది మంచం కిందికి వెళ్ళాయి. మదర్‌బోర్డును మాత్రం మా ఆయన పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని వెళ్ళి, బీరువాలో నా కొత్త బట్టల మధ్య పడుకోబెట్టాడు.

"ఎవరిచ్చారు?" అని అడిగాను.

"మిక్సీ."

"మిక్సీ ఏంటి?"

"మా కాలేజీ ల్యాబ్‌లో నా జత. నోరు తెరిస్తే మిక్సీ తిరిగినట్టే ఉంటుంది. పెళ్ళికి రాలేకపోయింది కదా, అందుకని పంపింది. ఇది ఎంత మంచి బోర్డో తెలుసా నీకు?"

నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా పెళ్ళికి మదర్‌బోర్డు పంపే ఆడమనిషి మామూలు ఆడమనిషి కాదని.

అప్పటికి పెళ్ళయి మూడు రోజులు. ఇప్పుడు నలభై ఒకటి. ఇన్ని రోజుల్లో మా మూడో అంతస్తు ఇంట్లో నాకు నచ్చని మూల లేదు. పొద్దున్నే ఆయన షూ లేసులు కట్టుకుంటుంటే చూడటం ఇష్టం. ఆయన వేలికి తడి చేసుకుని పేపరు తిప్పడం ఇష్టం. ఒకే దండెం మీద ఆయన చొక్కా, నా దుపట్టా పక్కపక్కన ఆరుతుంటే బాల్కనీలో నిలబడి ఊరికే నవ్వుకుంటాను. ఎదురింటావిడ నన్ను చూసి తలుపేసుకుంటుంది.

ఇంత సంతోషంలో ఒక్క మిక్సీ మాత్రం పంటి కింద రాయిలా తగులుతూ ఉండేది. ఆ రాయి కొండయింది రెండు వారాల కింద. బాల్కనీలో ఆయన పాత కంప్యూటర్ క్యాబినెట్ ఒకటి ఉంది. లోపలంతా ఖాళీ. షూ వేసుకోవడానికి దాని మీదే కూర్చుంటాడు. దుమ్ము దులుపుదామని పక్కరేకు ఊడదీశాను. రేకు లోపలివైపు నల్ల మార్కరుతో రెండు పేర్లున్నాయి. పైన "మిక్సీ". దాని కింద "మొద్దు".

"మొద్దు ఎవరు?" అన్నాను.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "నేనే."

"రేకు లోపల మీ ఇద్దరి పేర్లు ఎందుకు రాసుకున్నట్టు?"

"అది మా ల్యాబ్ పద్ధతి. కొత్త మెషీన్ బిగించాక, మొదటిసారి దాన్ని ఎవరు వెలిగిస్తే వాళ్ళ పేరు పైన రాయాలి. మిగతా చేయి వేసినవాళ్ళది కింద. అది అక్కడే ఉండిపోతుంది, ఎవరూ చెరపకూడదు."

"ఎప్పుడూ ఆవిడ పేరే పైనా?"

"ఎప్పుడూ ఏం కాదు." వేళ్ళ మీద లెక్కపెట్టాడు. నిజాయితీ గల మనిషి, తూకపు యంత్రాలు సరిచూడటం ఆయన ఉద్యోగం. "దాదాపు ఎప్పుడూ."

ఆ రోజే నిర్ణయించుకున్నాను. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. నా పాత ల్యాప్‌టాప్ ఒక చెట్టుకు ఆకులు వేసేలోపు రెండుసార్లు నిద్రపోతుంది. అందుకే ఇద్దరం కలిసి ఆ బహుమతి బోర్డుతోనే కొత్త కంప్యూటర్ బిగించుకుందామనుకున్నాం. దాని రేకు లోపల నా పేరు పైన ఉండాలి, ఆయన పేరు కింద ఉండాలి. మూడో పేరు ఉండకూడదు. రేకు మీద ముద్దుపేర్లే రాస్తారు కాబట్టి, ఆయన నన్ను పిలిచే "గలగల" అన్న పేరే రాయాలి. ఇంతకీ ఈ మనిషికి చప్పుడు చేసే ఆడవాళ్ళే ఎందుకు దొరుకుతారో!

ఆదివారం పొద్దున భోజనాల బల్ల మీద దుప్పటి పరిచి పని మొదలుపెట్టాం. బల్ల ఒక కాలు పొట్టి. ఆయన బోర్డుతో వచ్చిన మాన్యువల్‌ను మడిచి దాని కింద పెట్టాడు.

"చదవవా?" అన్నాను.

"నేనుండగా మాన్యువల్ ఎందుకు?"

ఎంత ముద్దుగా అన్నాడంటే, నేనూ అవును కదా అనుకున్నాను.

మాదొక ఆట. ఒక పని నీ వంతు, తర్వాతి పని నా వంతు. ఒక స్క్రూ నువ్వు, ఒక స్క్రూ నేను. బోర్డు మీది కవరు విప్పడం నా వంతు. విప్పితే, బోర్డు కుడివైపు పై మూలన చిన్న తెల్లకాగితం అతికించి ఉంది. గుండ్రటి చేతిరాత. మొదటి మాట "మొద్దూ". రెండో మాట నేను చదవలేదు. నా కళ్ళు ఆ పిలుపు దగ్గరే ఆగిపోయాయి. మా ఇంట్లో, మా బల్ల మీద, మా ఆయనను మొద్దూ అని పిలవడానికి ఈవిడెవరు? బొటనవేలు ఆ కాగితం మీద పెట్టి బోర్డును ఆయన చేతికిచ్చాను. ఆయన నా వేలిని చూసి నవ్వాడు గానీ కాగితాన్ని చూడలేదు.

ప్రాసెసర్ ఆయన పెట్టాడు, ఊపిరి బిగబట్టి; కాగితం ఉన్న మూల నా చేతి కిందే ఉంది. ర్యామ్ నేను నొక్కాను. పెద్ద ఫ్యాను ఆయన బిగించాడు. బోర్డును కొత్త క్యాబినెట్లో కూర్చోబెట్టి స్క్రూలు చెరి సగం తిప్పాం. ఇక వైర్లు. లావుపాటి వైరు ఆయన పెట్టాడు.

"ఇప్పుడు నీ వంతు. వెనక నుంచి వచ్చే ఈ ఎనిమిది కాళ్ళ వైరు ఉంది చూశావా, ఇది ఎడమవైపు పై మూలన పెట్టాలి. ప్రాసెసర్‌కు కరెంటు దీంట్లోంచే వెళ్తుంది. టక్‌మని చప్పుడు రావాలి."

సరే అని వైరు పట్టుకున్నాను. అప్పుడే ఫోను మోగింది. తెర మీద "మిక్సీ" అని వెలిగింది.

"ఒసేయ్, నూరేళ్ళు నీకు!" అంటూ ఆయన బాల్కనీలోకి వెళ్ళిపోయాడు.

ఒసేయ్! నన్ను ఈ నలభై ఒక్క రోజుల్లో ఒక్కసారి కూడా ఒసేయ్ అనలేదు. అనాలని కాదు. కానీ ఎంత చనువుంటే అంటారు? అద్దాల తలుపులోంచి చూస్తున్నాను. పాత క్యాబినెట్ మీద, అవే పేర్ల మీద కూర్చుని, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నేను చెప్పిన ఏ జోకుకీ అలా పొట్ట పట్టుకోలేదు.

నా చేతిలోంచి వైరు ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియదు. బహుమతుల చుట్టుకాగితాలతో పాటు వచ్చిన ఎర్ర స్టిక్కర్లు సొరుగులో ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా పెద్ద హృదయం ఏరి, తెల్లకాగితం మీద, దాని పక్క జాగా మీద, మొత్తం మూల మీద గట్టిగా అతికించాను. రెండుసార్లు రుద్దాను కూడా.

ఆయన తిరిగొచ్చి అడిగాడు. "అయిందా నీ వంతు?"

"అయింది," అన్నాను.

"అబ్బ! ఈ హృదయం ఎప్పుడు పెట్టావు? భలే ఉందే!"

నేను రాణిలా నిలబడ్డాను.

మధ్యాహ్నం పన్నెండున్నరకు ఇద్దరం రెండు చూపుడువేళ్ళు కలిపి బటన్ నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి. గాజు పలక వైపు రంగు లైట్లు వెలిగాయి. నేను చప్పట్లు కొట్టాను. తెర మాత్రం నల్లగానే ఉంది. కాసేపటికి "సిగ్నల్ లేదు" అని చెప్పి నిద్రపోయింది.

"మానిటర్ వైరు," అన్నాడాయన. అది సరిగానే ఉంది. గ్రాఫిక్స్ కార్డు తీసి పెట్టాం. అదే చీకటి. ర్యామ్ తీసి, తుడిచి, ఒకటే పెట్టి చూశాం. తర్వాత రెండోది పెట్టి చూశాం. బోర్డు మీద బొత్తాం లాంటి బ్యాటరీ తీసి, పదిదాకా లెక్కపెట్టి పెట్టాం. పదిదాకా లెక్క నేను పెట్టాను, చాలా శ్రద్ధగా. ప్రతిసారీ ఫ్యాన్లు తిరగడం, లైట్లు వెలగడం, తెర ఏమీ ఎరగనట్టు చూడటం.

"వైర్లన్నీ పెట్టాం కదా?" అన్నాడు.

"అన్నీ పెట్టాం," అన్నాను. అబద్ధమని నాకు తెలిస్తే కదా.

రెండింటికి ఆయన జుట్టంతా నిలబడి ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని క్యాబినెట్లోకి చూస్తూ, నేను దేనికి భయపడుతున్నానో ఆ మాటే అన్నాడు. "మిక్సీని పిలుస్తాను."

"వద్దు."

"అది వస్తే రెండు నిమిషాల్లో..."

"మీరు పిలవండి. మీ ఇష్టం. మీ ల్యాబు, మీ జత, మీ బోర్డు."

ఆయన తల పైకెత్తాడు. మేమిద్దరమే ఉన్నప్పుడు నేను నువ్వు అంటాను. అత్తయ్య ముందు మీరు అంటాను. అత్తయ్య లేనప్పుడు మీరు అన్నానంటే తుఫాను హెచ్చరిక.

"గలగలా, బోర్డే పోయిందేమోనని నా భయం. అది ఇచ్చింది తనే కదా, మార్చాలన్నా తనే మార్చాలి."

"అంటే తను వెలిగిస్తే పేరు పైన తనదే."

నవ్వబోయి, నా ముఖం చూసి మానేశాడు. "పద్ధతి పద్ధతే మరి," అని మెల్లగా అన్నాడు. తూకం చూసే మనిషిని కట్టుకుంటే ఇదే గతి.

ఫోను చేశాడు. నాలుగింటికి వస్తానందట.

ఆ రెండు గంటలూ నేను చేయని పని లేదు. ప్రతి స్క్రూ మళ్ళీ తిప్పాను. ప్రతి ఫ్యానుతో మాట్లాడాను. మధ్యలో ఆయన టీ పెట్టి ఇస్తే, ఆ టీ ఎంత బాగుందంటే కోపం మర్చిపోయి ఇంకో కప్పు అడిగాను, తర్వాత గుర్తొచ్చి మళ్ళీ ముఖం ముడుచుకున్నాను. మెడలో చిన్న టార్చి వేసుకుని, ఇల్లంతా వెలుతురున్నా క్యాబినెట్లోకి దూరిపోయాను. ఇంతవరకు ముఖం కూడా చూడని ఆడమనిషి మా ఇంటి మెట్లెక్కి వచ్చి, ఒక్క వేలితో నొక్కి, నా గోడ మీద, అదే, నా రేకు మీద పేరు రాసుకుని పోతుంది. ఈ కంప్యూటర్ పాతబడి, మా జుట్టు నెరిసేదాకా, దాని కడుపులో పైన "మిక్సీ" అనే ఉంటుంది.

నాలుగుకు ఐదు నిమిషాలుండగా మిక్సీ నుంచి ఫోను. సందు కనబడటం లేదట.

"చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తండి," అన్నాను. ఆయన నిజంగానే చెప్పుల్లేకుండా వెళ్ళాడు.

గదిలో నేను, ఆ యంత్రం మిగిలాం. ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. హృదయం స్టిక్కరు నా కళ్ళెదురుగా ఎర్రగా మెరుస్తోంది. ఇంకాసేపట్లో ఆవిడ వస్తుంది, దాన్ని చూస్తుంది, కింద తన కాగితం ఉందని ఆవిడకు తెలుసు. చిన్నపిల్లలా కాగితం మీద కాగితం అతికించానని నవ్వుకుంటుంది. సిగ్గు కోపాన్ని తోసేసింది. గోరుతో అంచు లేపి మెల్లగా ఊడదీశాను.

హృదయం వచ్చేసింది. దాని కింద, తెల్లకాగితం పక్కన, నువ్వుగింజంత ఎర్ర దీపం వెలుగుతోంది.

అలాంటివి నాలుగున్నాయి వరసగా. మూడు చీకటిగా ఉన్నాయి, ఒకటే వెలుగుతోంది. మధ్యాహ్నం నుంచీ, నేను అతికించిన హృదయం కింద, పాపం, అది వెలుగుతూనే ఉంది. అప్పుడు కాగితం చదివాను. రెండో మాట నుంచి చివరిదాకా.

"మొద్దూ, నువ్వు మాన్యువల్ చదవవని తెలుసు. వెలగకపోతే ఈ నాలుగు దీపాలు చూడు. మొదటిది ఎర్రగా ఉంటే ప్రాసెసర్ గొడవ. అంటే పై మూల ఎనిమిది కాళ్ళ వైరు నువ్వు మళ్ళీ మర్చిపోయావన్నమాట."

వెలుగుతోంది మొదటిదే.

మళ్ళీ మర్చిపోయావన్నమాట! ఎంత బాగా తెలుసు ఆవిడకు ఆయన సంగతి! అని ఒళ్ళు మండబోయి, సగంలో ఆగిపోయింది. ఎందుకంటే మర్చిపోయింది ఆయన కాదు. టార్చి వేసి చూస్తే, పెద్ద ఫ్యాను వెనక, ఎడమ పై మూలన ఎనిమిది బొక్కలు నోళ్ళు తెరుచుకుని ఖాళీగా ఉన్నాయి. వైరు బోర్డు వెనక వేలాడుతోంది. నేను వదిలేసిన చోటే. నా వంతుదే.

వెనక స్విచ్ ఆపాను. వైరు లాగి, మూలలోకి వేళ్ళు దూర్చి, చర్మం గీరుకుపోతున్నా నొక్కాను. టక్! అంత అందమైన చప్పుడు నేనెప్పుడూ వినలేదు.

స్విచ్ వేశాను. బటన్ మీద వేలు పెట్టాను. నొక్కితే అయిపోతుంది. వెలిగించింది నేనే అవుతాను. ఆవిడ గుమ్మంలోకి వచ్చేసరికి తెర తెల్లగా ఉంటుంది. పైన పేరు నాది.

కానీ వెలిగినప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడకపోతే ఆ పేరు పెట్టుకుని నేనేం చేసుకోను? వేలు తీసేసి, చేతులు రెండూ వెనక కట్టుకుని నిలబడ్డాను. అలా నిలబడటం ఎంత కష్టమో!

మెట్ల మీదే మిక్సీ వినిపించింది. "ఒరేయ్ మొద్దూ, మూడో అంతస్తని చెప్పావు గానీ ఇన్ని మెట్లని చెప్పలేదేంట్రా?" లోపలికి వచ్చింది. సినిమాలో హీరోయిన్ లాంటి మనిషిని ఊహించుకున్నాను. వచ్చిన మనిషికేమో చెవి వెనక పెన్సిలు, భుజాన స్క్రూడ్రైవర్ల సంచీ, ఒక పాదానికి కట్టు. ఇప్పుడు తనే కాలేజీలో ల్యాబ్ పాఠాలు చెబుతుందట. కళ్ళజోడు తుడుచుకుని నాకు నమస్కారం పెట్టింది.

"నమస్తే అండీ. పెళ్ళికి రాలేకపోయాను. పరీక్షల డ్యూటీ పడింది."

"కూర్చోండి," అన్నాను. నాకు మర్యాద ఎక్కువే.

కూర్చోలేదు. క్యాబినెట్లోకి వంగింది. ముందు తన కాగితాన్ని చూసింది. దాని మీద హృదయం ఆకారంలో మిగిలిన జిగురు మరకను చూసింది. పై మూల వైరును చూసింది. గీరుకుపోయిన నా వేలిని చూసింది. సంగతంతా పోల్చుకోవడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఒరేయ్, మంచినీళ్ళు తేరా," అంది మా ఆయనతో. ఆయన వంటింట్లోకి వెళ్ళగానే నా వైపు వంగి మెల్లగా చెప్పింది. "వాడికి నేనేం చెప్పను లెండి."

మంచిది కూడానట! ఇక హాయిగా కుళ్ళుకోవడానికి కూడా వీల్లేకుండా చేసింది. పైగా ఆవిడకూ నాకూ మధ్య ఒక రహస్యం, ఆయనకు తెలియకుండా! ఆ జత నాకొద్దు. ఆయన గ్లాసుతో రాగానే, ఒక్క గుక్కలో చెప్పేశాను.

"నువ్వు ఫోన్లో నవ్వుతుంటే కోపమొచ్చింది, వైరు పెట్టలేదు, ఆ కాగితం మీద మొద్దూ అని ఉంటే చూడలేక హృదయం అతికించాను, దాని కింద దీపం ఉందని నాకు తెలియదు, ఇప్పుడు వైరు పెట్టాను, ఇంకా నొక్కలేదు."

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "నీ వంతు అయిందా అంటే అయిందన్నావు!"

"అయింది. హృదయం అతికించడంలోనే అయిపోయింది."

మిక్సీ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన కూడా పట్టుకున్నాడు. ఈసారి పొట్ట పట్టుకున్నది నా మాటకే, నేను లెక్కలో వేసుకున్నాను.

"ఏంటి చూస్తున్నారిద్దరూ? నొక్కండి!" అంది మిక్సీ.

నా వేలు, దాని మీద ఆయన వేలు. ఫ్యాన్లు తిరిగాయి. ఎర్ర దీపం వెలిగింది, మళ్ళీనా అనుకున్నాను, దీపం ఆరింది. రెండోది వెలిగి ఆరింది. మూడోది. నాలుగోది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. నేను తెరను చూడలేదు. ఆయన కళ్ళలో ఆ తెలుపు పడటం చూశాను. మొద్దులానే ఉన్నాడు. నోరు తెరిచి, జుట్టు నిలబడి, చెప్పుల్లేని కాళ్ళకు దుమ్ముతో, ప్రపంచంలోకెల్లా అందమైన మొద్దు.

మిక్సీ సంచీలోంచి నల్ల మార్కరు తీసి నా చేతిలో పెట్టింది. "పద్ధతి తెలుసుగా వదినా."

వదినా అంది. ఆ మాటకు నా లోపల కొండంత ఉన్న రాయి గింజంతయింది. మొత్తంగా పోయిందని మాత్రం చెప్పను. ఎందుకు అబద్ధం?

పక్కరేకు బల్ల మీద బోర్లా పెట్టాను. పైన పెద్ద అక్షరాల్లో "గలగల" అని రాశాను. దాని కింద "మొద్దు" అని రాశాను, పక్కన చిన్న హృదయం వేశాను. మార్కరుకు మూత పెట్టబోయాను. పెట్టలేకపోయాను. దీపాలు చూడమన్నది ఎవరు? వైరు సంగతి చెప్పింది ఎవరు? బోర్డు ఇచ్చింది ఎవరు? తూకం మనిషి పక్కనే నిలబడి రేకును చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ఒక గ్రాము తేడా ఉన్నా కనిపెట్టే చూపు.

మళ్ళీ మార్కరు ఆనించి, కింద, బాగా కింద, స్క్రూ బొక్క పక్కన రాశాను.

మిక్సీ కళ్ళజోడు పైకి తోసుకుని, రేకును కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. "ఇదేంటి వదినా, చీమ నడిచిందా ఇక్కడ?"

"చీమ కాదు. మీ పేరు."

"ఇంత చిన్నదా?"

"ఇంకో కంప్యూటర్ బిగించినప్పుడు కొంచెం పెద్దది చేస్తాను," అన్నాను. "కొంచెమే."